ఏయూసీ 0.97 చూపిన టీబీ జీన్ సిగ్నేచర్ క్యూపీసీఆర్‌లో 0.78కి ఎందుకు పడింది?

రిబోసోమ్ అడిగినది:

నమస్కారం. రక్తంలోని జన్యు వ్యక్తీకరణ చూసి ఊపిరితిత్తుల టీబీని గుర్తించే పరీక్ష మీద పనిచేస్తున్నాం. తెమడ రానివాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, రక్తంతో తేలిపోతే బాగుంటుందన్నది ఆలోచన.

జీఈఓలో (సిమ్ కార్డు జియో కాదు, జన్యు డేటా భాండారం) అందరికీ అందుబాటులో ఉన్న మూడు మైక్రోఅరే (వేల జన్యువులను ఒకేసారి కొలిచే చిప్) డేటాసెట్లు తీసుకున్నాం. వాటిలో టీబీ రోగులు, లేటెంట్ టీబీ (క్రిమి ఒంట్లో ఉన్నా జబ్బుగా బయటపడని స్థితి) ఉన్నవాళ్లు, ఆరోగ్యవంతులు ఉన్నారు. మూడింటినీ కలిపేసి క్వాంటైల్ నార్మలైజేషన్ (శాంపిళ్లన్నింటి అంకెలనూ ఒకే కొలమానానికి తేవడం), ఆ తర్వాత కాంబాట్ (ల్యాబుల మధ్య బ్యాచ్ తేడాను తీసే లెక్క) చేశాం. తేడా బాగా కనిపించిన 40 జన్యువులను ఎంచి, లాసోతో (అక్కర్లేని జన్యువులను వదిలేసి, మిగిలినవాటికి గుణకాలు ఇచ్చే గణాంక పద్ధతి) 9కి కుదించాం; ఇదే మా సిగ్నేచర్. పది భాగాల క్రాస్ వాలిడేషన్‌లో (తొమ్మిది భాగాలతో శిక్షణ, మిగిలినదానిపై పరీక్ష, ఇలా వంతులవారీగా) ఏయూసీ 0.97 వచ్చింది (రెండు గుంపులను ఎంత బాగా విడదీస్తుందో చెప్పే అంకె: 1 అయితే తప్పే లేదు, 0.5 అయితే బొమ్మాబొరుసే).

అదే 9 జన్యువులను ఛాతీ వ్యాధుల ఓపీకి దగ్గుతో వచ్చిన 64 మందిలో క్యూపీసీఆర్‌తో (ఎంచిన కొద్ది జన్యువుల ఆర్ఎన్ఏ ఎంత ఉందో కొలిచే పీసీఆర్) కొలిచాం. వాళ్లలో 28 మందికి టీబీ, 36 మందికి వేరే జబ్బులు. రిఫరెన్స్ జన్యువు (మారదనుకుని పోలికకు వాడేది) జీఏపీడీహెచ్ ఒక్కటే. రక్తం కొందరిది పాక్స్‌జీన్ ట్యూబుల్లో (ఆర్ఎన్ఏను ఉన్నదున్నట్టు నిలిపే ద్రావణం ఉన్నవి), కొందరిది మామూలు ఈడీటీఏ ట్యూబుల్లో తీశారు. లాసో ఇచ్చిన గుణకాలనే వాడితే ఏయూసీ 0.78.

జన్యువుల ఎంపికే తప్పా, ల్యాబులో పొరపాటా? ఎక్కడ మొదలుపెట్టి వెతకాలి?

బయో_గణాంకం:

ముందు 0.97 సంగతి చూద్దాం. పడిపోయింది 0.78 కాదు, అసలు ఆ 0.97 ఎప్పుడూ లేదని నా అనుమానం.

40 జన్యువులను ఎంచేటప్పుడు మొత్తం శాంపిళ్లను చూశారు. ఆ తర్వాత క్రాస్ వాలిడేషన్ మొదలైంది. అంటే పరీక్ష రాయాల్సిన శాంపిళ్లు ప్రశ్నపత్రం తయారీలోనే కూర్చున్నాయి. 20 వేల పైచిలుకు జన్యువులు, కొన్ని వందల శాంపిళ్లు ఉన్నప్పుడు యాదృచ్ఛికంగానే పదుల కొద్దీ జన్యువులు రెండు గుంపులనూ చక్కగా విడదీస్తాయి. ఆంబ్రోయిస్, మెక్‌లాక్లన్ 2002లోనే ఈ పక్షపాతాన్ని లెక్కలతో సహా చూపించారు. ఇప్పటికీ ప్రతి మూడో థీసిస్‌లో ఇదే కనిపిస్తుంది.

తేల్చుకోవడానికి అరగంట చాలు. టీబీ, టీబీ కాదు అనే లేబుళ్లను గజిబిజిగా కలిపేసి, జన్యువుల ఎంపికతో సహా మీ పద్ధతి మొత్తాన్ని మళ్లీ నడపండి. ఇలా ఓ 100 సార్లు చేయండి. ఏయూసీలు 0.5 చుట్టూ తిరిగితే సరే. 0.75, 0.8 వస్తే లీకేజీ (పరీక్ష శాంపిళ్ల సమాచారం శిక్షణలోకి కారడం) ఉన్నట్టే. సరిచేయాలంటే నార్మలైజేషన్, ఎంపిక, లాసో అన్నీ ప్రతి భాగం లోపల, శిక్షణ శాంపిళ్ల మీదే జరగాలి. ఒకే రోగి చికిత్సకు ముందు ఇచ్చిన రక్తం శిక్షణలో, తర్వాత ఇచ్చినది పరీక్షలో పడకుండా కూడా చూసుకోండి.

రెండోది, భాగాలను శాంపిళ్లవారీగా కాకుండా డేటాసెట్లవారీగా విడగొట్టండి. రెండింటితో శిక్షణ, మూడోదానిపై పరీక్ష. ఒక డేటాసెట్‌లో టీబీవాళ్లు ఎక్కువ, మరోదానిలో ఆరోగ్యవంతులు ఎక్కువ అయితే మోడల్ నేర్చుకునేది జబ్బును కాదు, ఏ ల్యాబులో చేశారన్నదాన్ని. కాంబాట్‌కు జబ్బు లేబుల్‌ను కూడా అందించి ఉంటే ఇంకా ఘోరం. బ్యాచ్ తేడాను తీసే నెపంతో జవాబును డేటాలోకి రుద్దినట్టు అవుతుంది.

మూడోది చాలామంది ఆలోచించరు. సోమవారం పొద్దున ఒక్క రోగి వచ్చాడు. అతన్ని దేనితో కలిపి క్వాంటైల్ నార్మలైజేషన్ చేస్తారు? బ్యాచ్ ఉంటే తప్ప నడవని లెక్క ఆస్పత్రిలో పరీక్ష కాలేదు. ఒక మనిషి శాంపిల్‌లోనే లెక్క మొత్తం తేలిపోవాలి.

ఇక 0.78 గురించి. 28, 36 మందితో దాని 95 శాతం విశ్వాస అంతరం ఉజ్జాయింపుగా 0.66 నుంచి 0.90 దాకా ఉంటుంది. అది బాగుందనీ అనలేం, బాగాలేదనీ అనలేం.

తెల్లకోటు:

గణాంకం గారు చెప్పినవన్నీ సరిచేసినా 0.97 రాదు. కారణం కంట్రోళ్లు.

మీ శిక్షణలో పోలిక ఎవరితో? ఆరోగ్యవంతులతో, లేటెంట్ వాళ్లతో. ఓపీలో పోలిక ఎవరితో? న్యుమోనియా, సీఓపీడీ, బ్రాంకియెక్టాసిస్ లాంటి ఊపిరితిత్తుల జబ్బులతో, వైరల్ జ్వరాలతో. ఆరోగ్యవంతుడికీ రోగికీ తేడా చెప్పడానికి ఈఎస్ఆర్ (ఒంట్లో వాపు ఉందని మాత్రమే చెప్పే మామూలు రక్తపరీక్ష) కూడా పనికొస్తుంది! టీబీ సిగ్నేచర్‌లో ఎక్కువ భాగం ఇంటర్‌ఫెరాన్ (ఇన్ఫెక్షన్ వస్తే ఒళ్లు విడుదల చేసే హెచ్చరిక ప్రోటీన్) స్పందన. 2010లో బెర్రీ బృందం లండన్ రోగుల్లో కనుగొని దక్షిణాఫ్రికాలో సరిచూసిన 393 ట్రాన్‌స్క్రిప్టుల (జన్యువుల ఆర్ఎన్ఏ ప్రతుల) సిగ్నేచర్‌లో ప్రధానంగా కనిపించింది న్యూట్రోఫిల్స్ అనే తెల్లరక్తకణాల్లోని ఇంటర్‌ఫెరాన్ జన్యువులే. ఫ్లూ, డెంగీ, కోవిడ్ కూడా అవే జన్యువులను లేపుతాయి. సార్కాయిడోసిస్ (ఊపిరితిత్తుల్లో టీబీలాంటి గడ్డలు కట్టే జబ్బు) అయితే దాదాపు కవల పిల్లే. చికిత్స లేని హెచ్ఐవీలో ఆ జన్యువుల మట్టం ముందునుంచే ఎత్తులో ఉంటుంది.

ఒక మంచి ఉదాహరణ. 2016లో స్వీనీ బృందం ప్రచురించిన మూడు జన్యువుల సిగ్నేచర్: జీబీపీ5, డీయూఎస్‌పీ3 పెరుగుతాయి, కేఎల్ఎఫ్2 తగ్గుతుంది. శిక్షణలో వాడని ఎనిమిది డేటాసెట్లలో ఆరోగ్యవంతులతో పోలిస్తే ఏయూసీ 0.90, లేటెంట్ టీబీతో 0.88, ఇతర జబ్బులతో 0.84. జన్యువులు అవే, సూత్రం అదే. ఎదురుగా నిలబెట్టిన మనుషులు మారితే అంకె దిగింది. మీది కూడా అదే దారిలో ఉంది.

కాబట్టి కంట్రోళ్లను ఓపీ నుంచే తీసుకోండి, దగ్గు రెండు వారాలు దాటిన వాళ్లను వరసగా, ఏరుకోకుండా. మన దగ్గర వానాకాలం, ఆ తర్వాతి నెలల్లో డెంగీ, వైరల్ జ్వరాలు ముసురుకుంటాయి. శాంపిళ్లన్నీ ఎండాకాలంలో సేకరించి స్పెసిఫిసిటీ (టీబీ లేనివాళ్లను లేదని సరిగా చెప్పే శాతం) అదిరిందంటే నమ్మను. షుగర్ ఉన్నవాళ్లను తీసేయకండి, మన టీబీ ఓపీలో వాళ్లు తక్కువేం కాదు.

రక్తం మందు మొదటి డోసుకు ముందే తీయాలి. చికిత్స మొదలైన రెండు వారాలకే సిగ్నేచర్ తగ్గడం కనిపిస్తుంది. "నిన్ననే మొదలెట్టాం సార్" అన్న రోగి శాంపిల్‌ను విడిగా గుర్తు పెట్టండి.

టీబీ ఉందని దేనితో నిర్ధారించారు? సీబీనాట్, ట్రూనాట్‌తో (టీబీ క్రిమి డీఎన్ఏను వెతికే పరీక్షలు) పాటు ద్రవ మాధ్యమంలో కల్చర్ కూడా పెట్టాలి. ఎంజీఐటీలో (ఆ ద్రవ కల్చర్ గొట్టం) నెగెటివ్ అని చెప్పడానికి 42 రోజులు ఆగాలి. ఎటూ తేలని రోగులను విశ్లేషణ నుంచి తీసేస్తే అంకెలు అందంగా వస్తాయి, పరీక్ష మాత్రం అంత మంచిదైపోదు.

పీసీఆర్_పంతులు:

ఇద్దరూ పైపెట్ ముట్టుకోకుండానే తీర్పు చెప్పేశారు. నా దృష్టిలో మొదటి ముద్దాయి ట్యూబు.

ఈడీటీఏ రక్తం గడ్డకట్టదు, అంతే. లోపలి కణాలు బతికే ఉంటాయి, సూది దిగిన క్షణం నుంచీ కంగారు పడుతూనే ఉంటాయి. గంటల్లో ఎఫ్ఓఎస్, జేయూఎన్, ఐఎల్8 లాంటి జన్యువులు ఎగబాకుతాయి, కొన్ని ఆర్ఎన్ఏలు విరిగిపోతాయి. మీరు కొలిచేది రోగి స్థితిని కాదు, ట్యూబు బెంచీ మీద ఎంతసేపు ఉందో దాన్ని. టీబీ వార్డులో ఒక రకం ట్యూబు, ఓపీలో ఇంకో రకం వాడి ఉంటే ఇక ఆ డేటాను ఏ కాంబాట్ కూడా కాపాడలేదు.

పాక్స్‌జీన్ అయితే ఇలా:

ట్యూబులో 6.9 మిల్లీలీటర్ల ద్రావణం ఉంటుంది, 2.5 మిల్లీలీటర్ల రక్తం పడాలి. రక్తం తీసే వరసలో ఇది చివరి ట్యూబు. సీతాకోకచిలుక సూది వాడితే గొట్టంలోని గాలి మొదటి ట్యూబులోకి పోవాలి, లేకపోతే దీనిలో రక్తం తక్కువ పడుతుంది. నిండగానే మెల్లగా 8 నుంచి 10 సార్లు తలకిందులు చేయాలి. గిలకొట్టొద్దు. (ఇదే పనికి వాడే టెంపస్ ట్యూబు దీనికి పూర్తిగా వ్యతిరేకం: 3 మిల్లీలీటర్ల రక్తం, 10 సెకన్లు గట్టిగా ఊపాలి. ఒకే సెంటర్లో రెండు రకాలూ ఉంచితే నర్సులు తికమక పడటం ఖాయం.)

గది ఉష్ణోగ్రతలో కనీసం 2 గంటలు నిలువుగా ఉంచాలి. 3 రోజుల వరకు ఉండొచ్చు అని కాగితం చెబుతుంది. కానీ ఆ కాగితంలో గది ఉష్ణోగ్రత అంటే 18 నుంచి 25 డిగ్రీలు. మే నెలలో ఖమ్మం, విజయవాడ ఓపీ గదికి అది వర్తించదు. రెండు గంటలు ఏసీ గదిలో ఉంచి, ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య పెట్టేయండి, అక్కడ 5 రోజులు ఆగుతుంది. ఇంకా దాచాలంటే ముందు మైనస్ 20లో 24 గంటలు, తర్వాతే మైనస్ 80లోకి. తీగ ర్యాక్‌లో నిలబెట్టాలి. థర్మాకోల్ ర్యాక్‌లో పెట్టి గడ్డకట్టిస్తే ట్యూబులు పగులుతాయి.

ఆర్ఎన్ఏ తీసేటప్పుడు జనం పోగొట్టుకునేది మొదటి సెంట్రిఫ్యూజ్ దగ్గరే. 3000 నుంచి 5000 జి దగ్గర 10 నిమిషాలు. కొన్ని పాత యంత్రాల మీద రాసిన ఆర్‌పీఎంనే జి అనుకుంటారు, ముద్ద సరిగా దిగదు, పైద్రవంతో పాటు ఆర్ఎన్ఏ కూడా బకెట్లోకి పోతుంది. తర్వాత 4 మిల్లీలీటర్ల నీళ్లలో ముద్ద పూర్తిగా కరగాలి, మళ్లీ తిప్పాలి. కాలమ్ మీద డీఎన్ఏజ్ 15 నిమిషాలు, ఇది ఐచ్ఛికం కాదు. ఒక ట్యూబుకు సాధారణంగా 3 మైక్రోగ్రాముల పైనే వస్తుంది. 1 మైక్రోగ్రాము కూడా రాకపోతే రక్తం తక్కువ పడిందనో, ముద్ద జారిపోయిందనో అర్థం.

ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు వైపు చూడొద్దు. హెపారిన్ పీసీఆర్‌ను అణిచేస్తుంది.

ఇక క్యూపీసీఆర్. (సీటీ అంటే ఇక్కడ స్కాన్ కాదు, ఎన్నో పీసీఆర్ సైకిల్‌కు జన్యువు సంకేతం హద్దు దాటిందో చెప్పే అంకె అని కొత్తవాళ్లకు మనవి.)

జీఏపీడీహెచ్ ఒక్కటే రిఫరెన్స్ అన్నారు. కణాల్లో గ్లూకోజ్ వాడకం మారితే అదీ మారుతుంది. ఇన్ఫెక్షన్‌లో మారేదే అది. కనీసం ఆరేడు జన్యువులను మీ సొంత రోగులు 10 మంది, కంట్రోళ్లు 10 మందిలో కొలిచి, జీనార్మ్ సాఫ్ట్‌వేర్‌లో ఎం విలువ (తక్కువైతే జన్యువు నిలకడగా ఉన్నట్టు) 0.5 కంటే తక్కువ ఉన్న రెండు మూడింటిని తీసుకోండి.

ప్రతి జన్యువుకూ అయిదు పలచన మెట్లతో, మెట్టుకు పది రెట్లు తగ్గిస్తూ, స్టాండర్డ్ కర్వ్ గీయండి. వాలు మైనస్ 3.1 నుంచి మైనస్ 3.6 మధ్య ఉండాలి, అంటే సామర్థ్యం 90 నుంచి 110 శాతం. తొమ్మిదింటికీ సామర్థ్యం ఒకేలా లేకపోతే ఆర్ఎన్ఏ మోతాదు తగ్గిన ప్రతిసారీ స్కోరు జరుగుతుంది. లెక్క చూడండి: ఆర్ఎన్ఏ పది రెట్లు తగ్గితే 100 శాతం సామర్థ్యం ఉన్న జన్యువు 3.32 సైకిళ్లు జరుగుతుంది, 90 శాతం ఉన్నది 3.59. ఆ 0.27 తేడా రోగిది కాదు, మీ ప్రైమర్‌ది.

మైక్రోఅరే ప్రోబు (చిప్ మీద జన్యువును పట్టే ముక్క) ఒక్కో జన్యువులో ఏ ఎక్సాన్‌కు (ఆర్ఎన్ఏలో మిగిలే జన్యు భాగం) అతుక్కుంటుందో చూశారా? ప్రోబు ఒక ఐసోఫార్మ్‌ను (అదే జన్యువు ఆర్ఎన్ఏకు ఉండే ఒక రూపం), మీ ప్రైమర్ ఇంకోదాన్ని పట్టుకుంటే పేరు ఒకటే, కొలిచేది వేరే. ప్రైమర్‌ను ఎక్సాన్ల అతుకు మీద పెట్టండి. ఆర్‌టీ ఎంజైమ్ (ఆర్ఎన్ఏను డీఎన్ఏగా మార్చేది) వేయని కంట్రోల్ కనీసం 7 సైకిళ్లు వెనక రావాలి. దగ్గరగా వస్తే జీనోమిక్ డీఎన్ఏ మిగిలినట్టే.

రిబోసోమ్:

ముగ్గురికీ చాలా థాంక్స్ అండి. లేబుళ్లు కలిపి 100 సార్లు నడిపాను. సగటు ఏయూసీ 0.81. గణాంకం గారు చెప్పినట్టే అయింది. డేటాసెట్లవారీగా విడగొట్టి, ఎంపికను లోపలే చేస్తే అసలు లేబుళ్లతో 0.86.

ఈడీటీఏ ట్యూబులు 64లో 23. ల్యాబుకు వచ్చేసరికి 4, 5 గంటలు పట్టింది. వాటిని ఏమైనా కాపాడొచ్చా? ఇంకోటి, ఈ 9 జన్యువులతోనే ముందుకు వెళ్లాలా, లేక తెల్లకోటు గారు చెప్పిన మూడింటి వంటి చిన్న సెట్ తీసుకోవాలా?

పీసీఆర్_పంతులు:

23 ట్యూబులూ పక్కన పెట్టేయండి. బాధగానే ఉంటుంది, అయినా సరే. మిగిలిన 41తో మళ్లీ లెక్క వేయండి, అది కూడా కేవలం ఒక అంచనాకే.

అయితే ఈడీటీఏ ఎంతసేపు తట్టుకుంటుందో తెలుసుకోవడం మాత్రం మంచిదే, ఎందుకంటే పల్లెలో పాక్స్‌జీన్ దొరకదు, దొరికినా ఖరీదు. అయిదుగురు మనుషులు, ఒక్కొక్కరి నుంచి 10 మిల్లీలీటర్లు. 2.5 నేరుగా పాక్స్‌జీన్‌లోకి, మిగతాది ఈడీటీఏలోకి. ఆ ఈడీటీఏ నుంచి 1, 2, 4 గంటలకు 2.5 చొప్పున తీసి పాక్స్‌జీన్ ద్రావణంలో కలపండి. మీ జన్యువుల్లో ఏది అర సైకిల్ కంటే ఎక్కువ జరిగిందో చూడండి. జరిగినదాన్ని సిగ్నేచర్ నుంచి తీసేయడం, దాన్ని సరిచేసే సూత్రం కనిపెట్టడం కంటే వెయ్యి రెట్లు సులువు.

తొమ్మిదా, మూడా అంటే ప్లేటు లెక్క చూడండి. 9 జన్యువులు, 2 రిఫరెన్సులు, మూడేసి గుంటలు: మనిషికి 33 గుంటలు. కాలిబ్రేటర్‌కు (ప్లేట్లను పోల్చడానికి ప్రతిదానిలో వేసే ఒకే శాంపిల్) ఇంకో 33, నీళ్ల కంట్రోళ్లకు 11. 96 గుంటల ప్లేటులో ఒక్క రోగి పడతాడు! 3 జన్యువులు, 1 రిఫరెన్స్, రెండేసి గుంటలైతే మనిషికి 8. కాలిబ్రేటర్ 8, నీళ్లకు 4 పోగా పది మంది సరిపోతారు.

బయో_గణాంకం:

చిన్న సెట్‌కే నా ఓటు, గుంటల కోసం మాత్రం కాదు. లాసో గుణకాలు మైక్రోఅరే కాంతి తీవ్రతల మీద నేర్చుకున్నవి. సీటీ విలువల కొలమానం వేరు, దిశ కూడా తిరగబడుతుంది. గుణకాలను అలాగే అతికించారు కాబట్టి కూడా 0.78కి పడి ఉండొచ్చు. గుణకాలే లేని సూత్రానికి ఈ బెడద తక్కువ. ఆ మూడు జన్యువులకైతే: జీబీపీ5, డీయూఎస్‌పీ3ల సీటీల సగటు నుంచి కేఎల్ఎఫ్2 సీటీ తీసేయాలి.

లెక్క కోసం ఊహించిన అంకెలు: ఒకరికి 24.1, 26.3, కేఎల్ఎఫ్2 25.0. సగటు 25.2, స్కోరు 0.2. ఇంకొకరికి 26.4, 27.2, కేఎల్ఎఫ్2 24.3. సగటు 26.8, స్కోరు 2.5. సీటీ తక్కువైతే ఆర్ఎన్ఏ ఎక్కువ కాబట్టి స్కోరు తగ్గేకొద్దీ టీబీ అనుమానం పెరుగుతుంది. ఈ గుర్తు తారుమారై రాత్రంతా తలపట్టుకోవడం మామూలే.

పంతులు గారితో ఒక్కచోట విభేదిస్తాను. ఈ సూత్రంలో పెరిగే జన్యువుల నుంచి తగ్గే జన్యువును తీసేస్తున్నాం, ఆర్ఎన్ఏ మోతాదు దానంతటదే కొట్టుకుపోతుంది. రిఫరెన్స్ జన్యువు స్కోరులో అక్కర్లేదు.

పీసీఆర్_పంతులు:

సామర్థ్యాలు సమానమైతేనే కొట్టుకుపోతుంది, పైన 0.27 చూపించాను కదా. ఒప్పుకుంటాను, స్కోరులో వద్దు. కానీ ప్లేటులో ఉండాలి. రక్తమే పడని ట్యూబుకు కూడా యంత్రం ఏదో అంకె ఇస్తుంది. సెఫైడ్ కంపెనీ ఈ మూడు జన్యువులతో చేసిన వేలికొస రక్తం కార్ట్రిడ్జ్‌లో కూడా టీబీపీ అనే నాలుగో జన్యువును శాంపిల్ సరిపడా ఉందో లేదో చూడటానికే పెట్టారు. మీరు కూడా ఒక హద్దు పెట్టుకోండి: రిఫరెన్స్ సీటీ దాని కంటే ఎక్కువైతే ఫలితం ఇవ్వకూడదు, మళ్లీ రక్తం తీయాలి. అలాగే అందరి ఆర్ఎన్ఏ కొద్దికొద్దిగా కలిపిన ఒక కాలిబ్రేటర్‌ను చిన్న చిన్న గొట్టాల్లో దాచి ప్రతి ప్లేటులో వేయండి. అది 0.3 సైకిల్ కంటే ఎక్కువ జరిగిన ప్లేటును పారేయండి. ఆర్‌టీ కిట్ లాట్ మారిన రోజు తప్పకుండా చూడండి.

తెల్లకోటు:

తర్వాతి అడుగు గురించి. కటాఫ్ ఎక్కడ పెట్టాలన్నది కంప్యూటర్ చెప్పదు, పరీక్ష దేనికన్నది చెబుతుంది. డబ్ల్యూహెచ్ఓ 2014లో పెట్టిన లక్ష్యం ప్రకారం వడపోత పరీక్షకు కనీసం 90 శాతం సెన్సిటివిటీ (టీబీ ఉన్నవాళ్లను పట్టుకునే శాతం), 70 శాతం స్పెసిఫిసిటీ ఉండాలి. ఆ అంకెలకు అర్థం జనాన్ని బట్టి మారుతుంది. ఓపీలో వెయ్యి మందిలో 200 మందికి టీబీ ఉందనుకోండి. 180 మందిని పట్టుకుంటారు, 240 మందిని ఉత్తినే భయపెడతారు. పాజిటివ్ వచ్చిన 100 మందిలో 43 మందికి నిజంగా టీబీ, నెగెటివ్‌లలో 97 శాతం నిజమే. సీబీనాట్‌కు పంపే ముందు వడపోతగా పనికొస్తుంది. అదే పరీక్షను 1 శాతం మందికి టీబీ ఉన్న ఊరి క్యాంపుకు తీసుకెళ్తే 9 మందిని పట్టుకోవడానికి 297 మందిని అనవసరంగా తిప్పాల్సి వస్తుంది. పాజిటివ్‌లలో నిజం 3 శాతమే.

శాంపిల్ సైజు: సెన్సిటివిటీ 90కి అటూ ఇటూ 5 శాతంలో తేలాలంటే 139 మంది టీబీ రోగులు కావాలి. స్పెసిఫిసిటీ 70కి అదే కచ్చితత్వంతో 323 మంది టీబీ లేనివాళ్లు. ఓపీలో అయిదుగురిలో ఒకరికి టీబీ ఉంటే 139 మంది దొరకడానికి దాదాపు 700 మందిని చేర్చుకోవాలి. మీ 64 మంది పైలట్ మాత్రమే.

ఆ 700 మంది మొదలయ్యే ముందు జన్యువులు, సూత్రం, కటాఫ్, ఏ ప్లేటును పారేయాలి, ఎప్పుడు ఫలితం ఇవ్వకూడదు, అన్నీ రాసి, తేదీ వేసి మూసేయండి. తర్వాత ఒక్క అంకె కూడా మార్చకూడదు. డ్యూక్ యూనివర్సిటీలో క్యాన్సర్ మందుల ఎంపికకు వాడిన సిగ్నేచర్ల కథ తెలిసిందే. బ్యాగర్లీ, కూంబ్స్ 2009లో తవ్వి చూస్తే జన్యువుల పేర్లు ఒక వరస కిందికి జరిగి ఉన్నాయి, లేబుళ్లు తారుమారయ్యాయి. వాటి ఆధారంగా అప్పటికే రోగుల మీద ట్రయల్స్ నడుస్తున్నాయి. 2012లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక లెక్క మొత్తాన్ని ముందే బిగించాలని గట్టిగా చెప్పింది అందుకే. కోడ్‌ను, లేబుళ్ల ఫైల్‌ను మీ బృందం బయటి మనిషి ఒకరి చేత మొదటి వరస నుంచి చదివించండి.

క్యూపీసీఆర్ చేసేవాళ్లకు ఎవరికి టీబీయో తెలియకూడదు. కల్చర్ చదివేవాళ్లకు స్కోరు తెలియకూడదు. ప్రతి ప్లేటులో రెండు గుంపులూ కలిసి ఉండాలి.

రిబోసోమ్:

పాక్స్‌జీన్ 41 మందితో, మూడు జన్యువుల సూత్రంతో ఇప్పుడే చూశాను: 0.83. అందులో తప్పుగా పాజిటివ్ వచ్చిన ఏడుగురిలో నలుగురు జ్వరంతో వచ్చినవాళ్లు, అందరూ సెప్టెంబరులోనే. వాళ్లకు డెంగీ ఎన్ఎస్1 పరీక్ష (రక్తంలో వైరస్ ప్రోటీన్‌ను వెతికేది) చేశారో లేదో కేస్ షీట్లు తీయిస్తున్నాను.

తెల్లకోటు:

తీయించండి. జ్వరం మొదలై అయిదు రోజులు దాటాక వచ్చిన వాళ్లలో ఎన్ఎస్1 నెగెటివ్ రావచ్చు, ఐజీఎం (డెంగీకి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీ) కూడా చూడండి. డెంగీ అని తేలినా ఆ నలుగురినీ లెక్కలోంచి తీసేయకండి.